రిమోట్ ఇలా ఇవ్వు, చెల్లాయ్!

బ్రిటిష్ సినిమాలంటే మనకి ఓ బెరుకు. వాళ్ళు పెదాలు కదపకుండా మాట్లాడేస్తారు, కథేమో నత్తనడక. పక్కనున్న పిల్లల్ని “ఏమన్నాడ్రా?” అని అడిగితే విసుక్కుంటారు. దాంతో రిమోట్ వాళ్ళకే వదిలేసి ఏదో పని ఉన్నట్టు లేచిపోతాం. లేవకు, కూర్చో. టీ చల్లారకముందే చెప్పేస్తాను. ముందు సబ్‌టైటిల్స్ పెట్టుకో. అందులో నామోషీ ఏముంది? ఆ యాసలు వాళ్ళలో వాళ్ళకే ఒక్కోసారి అర్థం కావు.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలన్న బెంగ. చాంతాడంత జాబితా రాసిస్తే నువ్వు మడిచి పోపులడబ్బా కింద పెడతావని నాకు తెలుసు. అందుకే ఒక్క మనిషిని పట్టుకుందాం: మ్యాగీ స్మిత్. హ్యారీ పాటర్‌లో కోసుగా ఉండే టోపీ పెట్టుకుని, కళ్ళతోనే పిల్లల్ని కుదురుగా కూర్చోబెట్టే మెక్‌గోనగల్ టీచరమ్మ, ఆవిడే. ఆ సినిమాల్లో ఒకటి తీస్తున్నప్పుడు ఆవిడకి రొమ్ము క్యాన్సర్ చికిత్స జరుగుతోంది. జుట్టంతా ఊడిపోతే విగ్గు పెట్టుకుని వచ్చి పనిచేసింది. 1934లో పుట్టి, 2024 సెప్టెంబరులో పోయింది. ఎనభై దాటాక కూడా ఆవిడకి ముఖ్యపాత్రలు దక్కాయి. మనకేమో నలభై దాటగానే “ఇంకేముందిలే” అన్న దిగులు, కదూ?

ఆ దిగులుకి నా మందు ‘డౌన్‌టన్ ఆబీ’. 2010లో ఈ సీరియల్ మొదలైనప్పుడు మ్యాగీకి డెబ్బై అయిదేళ్ళు. టైటానిక్ మునిగిపోయిందన్న వార్తతో కథ మొదలవుతుంది. ఆస్తికి వారసులు కావలసినవాళ్ళు ఆ ఓడలో పోయారు. ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలున్నా, ఎస్టేటు మాత్రం ఎక్కడో మాంచెస్టర్‌లో ఉన్న దూరపు చుట్టం కుర్రాడికి పోతుంది. ఈ గొడవ అర్థం చేసుకోవడానికి మనకి సబ్‌టైటిల్స్ కూడా అక్కర్లేదు! మ్యాగీ ఆ ఇంటి నాయనమ్మ వయొలెట్. చేతికర్ర, మెడ దాకా బిగించిన జాకెట్టు, నోరు విప్పితే చురక.

మొదటి సీజన్‌లో పూలపోటీ వస్తుంది, అది మాత్రం వంట చేసుకుంటూ ఓ చెవి వేసి చూడకు. ఊళ్ళో ఏటా జరిగే ఆ పోటీలో కప్పు ఎప్పుడూ వయొలెట్‌దే. పెద్దింటావిడ కదా, ఇంకొకళ్ళకి ఇచ్చే ధైర్యం ఎవరికుంది? నిజానికి అందరికంటే మంచి గులాబీలు పండించేది ముసలి మోల్స్‌లీ. ఆ మాంచెస్టర్ కుర్రాడి తల్లి ఇసొబెల్ ఆ మాట మొహం మీదే అనేసరికి వయొలెట్‌కి ఒళ్ళు మండిపోతుంది. తీరా బహుమతి ప్రకటించే వేళ, ఆవిడ చేతిలో కాగితం మీద ఉన్నది ఆవిడ పేరే. ఒక్క క్షణం ఆగి, పైకి మాత్రం మోల్స్‌లీ పేరు చదువుతుంది. ఆ క్షణంలో మ్యాగీ మొహం చూడు. పంతం కరుగుతోందని తెలుస్తుంది, కరిగిందని మాత్రం ఒప్పుకోదు. మనింట్లో పెద్దవాళ్ళు కూడా అంతే కదమ్మా, తప్పు దిద్దుకుంటారు గానీ నోటితో ఒప్పుకోరు. విచిత్రమేమిటంటే, ఇంత పేరు తెచ్చిన సీరియల్‌ని తాను చూడనే లేదని మ్యాగీ ఇంటర్వ్యూలో చెప్పేసింది!

“అక్కా, ఆరు సీజన్లు చూసే తీరిక నాకెక్కడిది?” అంటావు. నిజమే. ఇంటిపని అయ్యేసరికి మనకి మిగిలేది గంట. ఆ గంటకి సరిపోయేది ఒకటుంది, అసలు నేను ఈ కబుర్లు ఎత్తుకుందే దానికోసం. ‘బెడ్ అమాంగ్ ద లెంటిల్స్’. అలన్ బెన్నెట్ రాసిన ‘టాకింగ్ హెడ్స్’ వరసలో ఒక భాగం, 1988లో బీబీసీలో వచ్చింది. పాటల్లేవు, సెట్టింగుల ఆర్భాటం లేదు. మ్యాగీ ఒక్కతే కెమెరా వైపు చూస్తూ మాట్లాడుతుంది, అంతే.

ఆవిడ పేరు సుసాన్, చర్చి పాస్టరుగారి భార్య. ఆయన చుట్టూ ఎప్పుడూ భక్తురాళ్ళ గుంపు. ఈవిడ పూలు సర్దాలి, అందరికీ నవ్వుతూ టీలు ఇవ్వాలి. దేవుడి మీద నమ్మకం ఉందో లేదో ఆవిడని అడిగిన పాపాన పోయినవాడు లేడు. మెల్లగా తాగుడు అలవాటవుతుంది, చర్చిలో ప్రార్థనకి ఉంచిన ద్రాక్షసారా దాకా. లీడ్స్ వెళ్ళినప్పుడు మన దేశపు కుర్రాడు రమేష్ నడిపే కిరాణాకొట్టు కనబడుతుంది. అతనికీ ఈవిడకీ దగ్గరితనం పెరుగుతుంది, కొట్టు వెనకాల పప్పు బస్తాల మధ్య. నువ్వు తాగకుండా ఉంటే బాగుంటావని మెల్లగా చెప్పినవాడు అతనొక్కడే. ఆవిడ మానేస్తుంది. మరి ఆ ఘనత ఎవరికి దక్కింది? మొగుడికి! భార్యని బాగుచేసుకున్నానని ఆయన ఊరంతా చెప్పుకుంటాడు, ఈవిడ కిమ్మనదు. రమేష్ సంగతి నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

ఆవిడ ఏడుస్తుందేమో అనుకుంటావు. ఏడవదు. పొడిగొంతుతో, పెదవి చివర చిన్న వెటకారంతో చెప్పుకుపోతుంది, మనకే గొంతులో అడ్డం పడుతుంది. రెండు ఆస్కార్లు ఏ సినిమాలకి వచ్చినా రానీ, నన్నడిగితే మ్యాగీ చేసినవాటిల్లో ఇదే గొప్పది. అయితే ఒక మాట. మనసు బాగా బరువుగా ఉన్న రోజున ఒక్కదానివే దీని జోలికి పోకు.

అలాంటి రోజున ‘ఎ రూమ్ విత్ ఎ వ్యూ’ పెట్టుకో, 1985 నాటిది. ఫ్లోరెన్స్ నగరం, పడుచుజంట, వాళ్ళకి అడ్డుపడే, ఆ అమ్మాయికి అక్క వరసయ్యే పెళ్ళికాని షార్లెట్‌గా మ్యాగీ. ప్రతిదానికీ నొచ్చుకుంటూ, త్యాగాలు చేస్తూ మనల్ని నవ్విస్తుంది. చివర్లో మంచం మీద ఒంటరిగా కూర్చుని ఆ అమ్మాయి ఉత్తరం చదువుకుంటుంటే, ఇంతసేపూ నవ్వినందుకు మనకే చిన్నతనంగా ఉంటుంది.

తర్వాత ‘ద లేడీ ఇన్ ద వ్యాన్’, 2015. ఇదీ బెన్నెట్‌దే, ఆయన ఇంటి ముందు జరిగిన కథే. ఇల్లూ వాకిలీ లేని ఓ ముసలావిడ తన డొక్కు వ్యాన్‌ని కొన్నాళ్ళకని ఆయన వాకిట్లో పెట్టి, పదిహేనేళ్ళు అక్కడే ఉండిపోయింది. సినిమా కూడా ఆ ఇంట్లోనే తీశారు. మాసిన బట్టలు, పొగరు, ఒక్క థాంక్స్ అయినా చెప్పని నోరు. డౌన్‌టన్ రాచరికం చేసిన మనిషే ఇదీ చేసిందంటే నమ్మబుద్ధి కాదు.

మొదటి ఆస్కార్ తెచ్చిన 1969 నాటి ‘ద ప్రైమ్ ఆఫ్ మిస్ జీన్ బ్రోడీ’ మాత్రం మీ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని చూడు. ఎడిన్‌బరా బళ్ళో పిల్లలంతా ప్రాణం పెట్టే టీచరు, చక్కటి మాటకారి, మనకీ తెగ నచ్చేస్తుంది. ఆవిడే పిల్లల ముందు ముస్సోలినీని పొగుడుతుంది. ఆవిడ మాటలు నమ్మి ఓ అమాయకురాలు స్పెయిన్ వెళ్ళి ప్రాణం పోగొట్టుకుంటుంది. సినిమా అయ్యాక మీ అమ్మాయిని అడుగు, తప్పెవరిదని. ఆ వయసువాళ్ళ జవాబు మన జవాబులా ఉండదు, పోట్లాడకు.

సరే, ఈ శనివారం పూలపోటీ దాకా చూసేయ్. సుసాన్‌ని మాత్రం పనులన్నీ అయ్యాక, ఫోను పక్క గదిలో పడేసి చూడు. చూశాక నాకో ఉత్తరం ముక్క రాయి, రమేష్ గురించి ఆవిడ నోరు విప్పాల్సిందా, వద్దా?