పూడిక తీసేవారున్నంత కాలమే చెరువు: లింక్స్ బ్రౌజర్ నేర్పే పాఠం

చెరువు తవ్వించినవారి పేరు శాసనానికెక్కుతుంది. ఏటేటా పూడిక తీసి, తూము బాగుచేసి, గట్టుకు గండి పడకుండా కాపాడినవారి పేర్లు సాధారణంగా ఎక్కడా కనిపించవు. అయినా తరతరాలుగా ఆయకట్టుకు నీరందేది ఈ రెండవవారి శ్రమ వల్లనే. కంప్యూటరు లోకంలోనూ ఇటువంటి ఉమ్మడి చెరువులున్నాయి. వాటిలో ఒకటైన 'లింక్స్' బ్రౌజర్ చరిత్రను, దానిని నిలబెడుతున్న నిర్వహణ విధానాన్ని ఈ పాఠం పరిచయం చేస్తుంది.

టెక్స్ట్ బ్రౌజర్ స్వరూపం

వెబ్ పుటలోని బొమ్మలను, వీడియోలను విడిచిపెట్టి, అక్షరాలను మాత్రమే తెరపై చూపే బ్రౌజర్‌ను టెక్స్ట్ బ్రౌజర్ అంటారు. లింక్స్ ఈ కోవకు చెందినది. దీనికి మౌస్ అవసరం లేదు. కీబోర్డులోని పై, కింది బాణాలతో ఒక లంకె నుండి మరొక లంకెకు వెళ్లవచ్చు. కుడి బాణం నొక్కితే లంకె తెరచుకుంటుంది, ఎడమ బాణం నొక్కితే వెనుకటి పుట వస్తుంది. బొమ్మ ఉండవలసిన చోట, పుటను తయారుచేసినవారు ఆ బొమ్మకు వివరణ రాసి ఉంటే, ఆ వివరణ కనిపిస్తుంది.

పాతబడిన కంప్యూటర్లలోను, వేగం తక్కువైన ఇంటర్నెట్ సంధానం పైనను ఇది తేలికగా పనిచేస్తుంది. అంతకంటె ముఖ్యమైన ప్రయోజనం మరొకటి ఉంది. తెరపైని అక్షరాలను చదివి వినిపించే సాధనాలను, వేళ్లతో తడిమి చదివే బ్రెయిలీ పరికరాలను వాడే అంధులకు, వరుసగా సాగే అక్షరాల పుట ఎంతో అనుకూలం.

పుట్టుక, చేతులు మారిన బాధ్యత

1992లో అమెరికాలోని కాన్సస్ విశ్వవిద్యాలయంలో లూ మాంటుల్లి, మైకేల్ గ్రోబ్, చార్లెస్ రెజాక్ అనే ముగ్గురు లింక్స్‌ను రూపొందించారు. విశ్వవిద్యాలయ సమాచారాన్ని ప్రాంగణమంతటికీ అందించడం అప్పటి లక్ష్యం. మరుసటి సంవత్సరం అది వెబ్‌ను చదవడం నేర్చింది. 1994లో మాంటుల్లి నెట్‌స్కేప్ సంస్థకు వెళ్లిపోయారు. సృష్టికర్త తరలిపోయినప్పుడు అనేక సాఫ్ట్‌వేర్లు అక్కడితో ఆగిపోతాయి. లింక్స్ ఆగలేదు. 1995లో దానికి జి.పి.ఎల్. అనే స్వేచ్ఛా లైసెన్సు లభించింది. దాని ప్రకారం సోర్స్ కోడ్‌ను ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, మార్చినదానిని అవే షరతులతో ఇతరులకు పంచవచ్చు. ఆ విధంగా బాధ్యత స్వచ్ఛంద సేవకుల చేతికి వచ్చింది. నేడు ఆ బృందానికి థామస్ డికీ సారథి. లింక్స్ తెరపై అక్షరాలను అమర్చడానికి ఉపయోగించే ఎన్‌కర్సెస్ అనే సాఫ్ట్‌వేర్‌ను నిర్వహిస్తున్నదీ ఆయనే. నేటికీ నిర్వహణలో ఉన్న వెబ్ బ్రౌజర్లలో లింక్స్ అన్నిటికంటె పాతది.

నిర్వహణలో ఏమేమి పనులుంటాయి?

మొదటిది, మారుతున్న ప్రమాణాలతో కలిసి నడవడం. బ్రౌజర్‌కు, వెబ్‌సైటుకు మధ్య సమాచారాన్ని గుప్తపరచే టి.ఎల్.ఎస్. ప్రమాణంలో 1.3 రూపం 2018లో వెలువడింది. 1.0, 1.1 రూపాలు 2021లో అధికారికంగా రద్దయ్యాయి. బ్రౌజర్ ఈ మార్పును అందుకోకపోతే, తాను స్వయంగా చెడిపోకపోయినా, ఒక్కొక్క వెబ్‌సైటే దానికి తలుపు మూసివేస్తుంది.

రెండవది, భద్రతా లోపాలను సరిదిద్దడం. 2021లో లింక్స్‌లో ఒక లోపం బయటపడింది. వెబ్ చిరునామాలోనే వాడుకరి పేరును, పాస్‌వర్డ్‌ను చేర్చి రాసినప్పుడు, రహస్య సంధానం ఏర్పడకముందే అవి బాహాటంగా బయటికి వెళ్లే అవకాశం ఉన్నట్లు తేలింది. నిర్వాహకులు దానిని సరిదిద్దారు. డెబియన్ వంటి సంస్థలు ఆ సవరణను తమ వాడుకరులకు చేరవేశాయి. దాదాపు ముప్పై ఏళ్ల వయసున్న సాఫ్ట్‌వేర్‌లోనూ కొత్త లోపం కనబడవచ్చునని, కనబడిన నాడు బాగుచేసే మనిషి ఉండాలని ఈ ఘటన నిరూపించింది.

మూడవది, పరీక్షించడం, విడుదల చేయడం. 2018లో 2.8.9, 2024లో 2.9.0 స్థిరమైన రూపాలుగా వెలువడ్డాయి. ఈ రెంటి నడుమ అనేక ప్రయోగాత్మక రూపాలు వచ్చాయి. వాటిని వాడిచూసి, లోపాలు తెలియజేసినవారి శ్రమ కూడా నిర్వహణలో భాగమే.

నిర్వహణ సన్నగిల్లితే ఏమవుతుందో ఈలింక్స్ అనే మరొక టెక్స్ట్ బ్రౌజర్ చూపింది. పేరు దగ్గరగా ఉన్నా దాని వంశం వేరు. 2012 తరువాత కొన్నేళ్లపాటు దాని నుండి కొత్త విడుదల రాలేదు. అనంతరం వేరొకరు ఆ పనిని చేపట్టడంతో అది తిరిగి ప్రాణం పోసుకుంది. సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉండడం వల్లనే ఆ పునరుద్ధరణ సాధ్యమైంది. అయితే లైసెన్సు అవకాశాన్ని మాత్రమే ఇస్తుంది, పనికి మనిషి పూనుకోవలసిందే.

తెలుగువారు చేయదగిన పని

టెర్మినల్ తెర గళ్ల కాగితం వంటిది. గడికొక అక్షరం చొప్పున రాసే రోమన్ లిపిని దృష్టిలో ఉంచుకొని దానిని రూపొందించారు. తెలుగు లిపి ఈ లెక్కకు లొంగదు. 'స్త్రీ' అనే మాట కంటికి ఒకే అక్షరం. యూనికోడ్‌లో అది ఆరు సంకేతాలు, యు.టి.ఎఫ్-8 పద్ధతిలో 18 బైట్లు. ఆ మాట ఎన్ని గళ్లు ఆక్రమిస్తుందో బ్రౌజర్ వేసిన అంచనా, టెర్మినల్ వేసిన అంచనా కలవకపోతే పంక్తులు జరిగిపోతాయి, ఒత్తులు చెదరిపోతాయి. తెలుగు చదవలేని నిర్వాహకునికి ఈ లోపం కంటికి ఆనదు. దానిని గుర్తించి చెప్పగలిగినవారు తెలుగు పాఠకులే. సొంత రాష్ట్రానికి దూరంగా ఉంటూ, ఇంటర్నెట్ ద్వారానే తెలుగు వార్తలు చదువుకొనే కుటుంబాలకు ఇది పరాయి సమస్య కాదు.

ఇందుకు ప్రోగ్రామింగ్ వచ్చి తీరాలన్న నియమం లేదు. లోపాన్ని స్పష్టంగా వర్ణించడం, సూచనలను అనువదించడం, కొత్తవారికి వాడుక నేర్పడం, అన్నీ సహాయాలే. మంచి ఫిర్యాదులో మూడు అంశాలు తప్పక ఉండాలి: ఏ రూపాన్ని ఏ టెర్మినల్‌లో వాడారు, ఏమి చేశారు, ఏమి ఆశిస్తే ఏమి కనిపించింది. "తెలుగు సరిగా రావడం లేదు" అన్న ఒక్క వాక్యంతో ఎవరూ ఏమీ బాగుచేయలేరు.

అభ్యాసం

1. మీరు తరచుగా వాడే పౌరసేవల వెబ్ పుటను లింక్స్‌లో తెరవండి. బొమ్మలు లేకుండా అందులో ఏ పని పూర్తవుతుంది, ఏది ఆగిపోతుంది? చూపులేని పొరుగువారు అదే పుటను ఎలా వాడుకోగలరో చర్చించండి.

2. ఒక తెలుగు పుటను అదే విధంగా తెరచి, చెదరిన మాటలను గుర్తించండి. పైన చెప్పిన మూడు అంశాలతో పది పంక్తుల ఫిర్యాదు రాయండి.

3. మీ వీధిలో ఎవరో ఒకరు నిశ్శబ్దంగా కాపాడుతున్న ఉమ్మడి వసతి ఒకటి పేర్కొనండి. ఆ వ్యక్తి మానుకుంటే ఆ పని ఎవరు చేపడతారు?