విప్పడం, బిగించడం: బండి దగ్గర ఒక తెలుగు పాఠం

పిల్లలూ, ఈసారి మన పాఠంలో పద్యం లేదు, కథ లేదు. ఒక బండి ఉంది. ఇంటి ముందు నిలబెట్టిన బండికి స్పార్క్ ప్లగ్గు ఎలా మారుస్తారో, సైలెన్సరు విప్పి మళ్లీ ఎలా బిగిస్తారో చూద్దాం. ఆ పనిలో వచ్చే తెలుగు మాటలను కూడా పట్టుకుందాం.

మిడిల్ పాయింట్ చుట్టుపక్కల ఉండే మనకు ఈ పాఠం అవసరమే. మొన్నటి పోర్ట్ బ్లెయిర్, నేటి శ్రీ విజయపురం గాలిలో ఉప్పుంది. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. బండికి కావలసిన భాగం ఊళ్లో దొరక్కపోతే అది సముద్రం దాటి రావాలి. చెన్నై అయినా విశాఖపట్నం అయినా దాదాపు 1,200 కిలోమీటర్ల దూరం. ఉన్న భాగాన్ని పాడుచేయకుండా విప్పడం, సరిగా బిగించడం ఇక్కడ మామూలు చోట్లకంటే విలువైన విద్య.

తెరవడమా, విప్పడమా?

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపాల్లో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. అయినా బజారులోనూ బడిలోనూ నలుగురినీ కలిపేది హిందీయే. తమిళం, బెంగాలీ, మలయాళం కూడా రోజూ చెవిన పడతాయి. అది మంచిదే. అయితే తరగతిలో మేము తరచు వినే వాక్యం ఒకటుంది: "సార్, ఈ బోల్టు తెరవాలి."

ఈ వాక్యంలో బోల్టు అన్న మాటకు ఏ దోషమూ లేదు. యంత్రంతో పాటు దాని పేరూ వస్తుంది. తెలుగు ఆ పేరును తన తీరుకు మార్చుకుంటుంది. చివర ఒక ఉకారం చేర్చి నట్టు, బోల్టు, ప్లగ్గు, సైలెన్సరు అంటుంది. బహువచనంలో నట్లు, ప్లగ్గులు అవుతాయి. అలా వచ్చినవన్నీ ఇప్పుడు మన మాటలే. చిక్కంతా 'తెరవాలి' దగ్గర ఉంది.

హిందీలో తలుపుకూ, సీసా మూతకూ, బోల్టుకూ, ముడికీ 'ఖోల్‌నా' అన్న ఒక్క క్రియ సరిపోతుంది. తెలుగులో అలా కుదరదు. తలుపు తెరుస్తాం, మూత తీస్తాం, గొడుగు విప్పుతాం, ముడి విప్పుతాం, బోల్టు విప్పుతాం. పొడుపు కథను కూడా విప్పుతాం. చుట్టుకుని, మెలిపడి, మడతపడి ఉన్నదాన్ని విడదీసే ప్రతి పనికీ 'విప్పు' వస్తుంది. బోల్టుకు చుట్టూ మరలు ఉంటాయి కాబట్టి అది ఈ జాబితాలో చేరింది.

ఊళ్లు మారుతూ తిరిగే ఇళ్లలో, మేము చూసినంతవరకు, భాష నుంచి ముందుగా జారిపోయేవి ఇలాంటి క్రియలే. అమ్మ, అన్నం, నీళ్లు వంటి పేర్లు మిగులుతాయి. క్రియలు మాత్రం పని చేస్తూ చెప్పుకుంటేనే నిలుస్తాయి. అందుకే ఈ పాఠం బండి దగ్గర.

ప్లగ్గు ఏం చేస్తుంది?

పెట్రోలు ఇంజనులో గాలీ పెట్రోలూ కలిసిన ఆవిరిని పిస్టను నొక్కుతుంది. సరిగ్గా ఆ సమయానికి దాన్ని అంటించేది ప్లగ్గు. దాని కొనన రెండు లోహపు ముక్కల మధ్య చిన్న సందు ఉంటుంది. ఇగ్నిషన్ కాయిలు పంపే వేల వోల్టుల విద్యుత్తు ఆ సందును దాటేటప్పుడు నిప్పురవ్వ పుడుతుంది. ఆ విద్యుత్తు దారి తప్పి పక్కకు పోకుండా తెల్లని పింగాణీ గొట్టం ఆపుతుంది.

ఫ్రాన్స్‌లో ఎతియెన్ లెన్వార్ 1860లో తయారుచేసిన గ్యాస్ ఇంజనులోనే విద్యుత్తు రవ్వ ఉంది. 1902లో జర్మనీలో బాష్ సంస్థ ఇంజనీరు గాట్లోబ్ హోనోల్డ్ రూపొందించిన అధిక వోల్టేజి మాగ్నెటో, ప్లగ్గుల జంట వేగంగా తిరిగే మోటారు ఇంజనులకు దారి వేసింది.

ఒక లెక్క చేద్దాం. నాలుగు స్ట్రోకుల ఇంజనులో రెండు చుట్లకు ఒకసారి పెట్రోలు మండుతుంది. నిమిషానికి 6,000 చుట్లు తిరిగితే 3,000 సార్లు, అంటే సెకనుకు 50 సార్లు మంట పుడుతుంది. ఇన్నిసార్లు రవ్వ దూకితే లోహం అరుగుతుంది, సందు పెరుగుతుంది. అప్పుడు బండి పొద్దున్నే మొరాయిస్తుంది, ఎత్తు ఎక్కేటప్పుడు తడబడుతుంది.

పని వరస

ఇది పెద్దలు పక్కన ఉండగా చేసే పని. ఒంటరిగా పూనుకోకండి.

మొదట ఇంజను పూర్తిగా చల్లారాలి. వేడి సైలెన్సరు చర్మాన్ని కాలుస్తుంది. పైగా సిలిండర్ హెడ్డు అల్యూమినియంది. వేడి మీద ప్లగ్గును బలవంతంగా తిప్పితే లోపలి మరలు చెడిపోతాయి. మర పోయిందంటే పది నిమిషాల పని కాస్తా పెద్ద మరమ్మతు అవుతుంది.

తరువాత ప్లగ్గు చుట్టూ ఉన్న ఇసుక, దుమ్ము బ్రష్షుతో దులపాలి. దులపకుండా విప్పితే అదంతా సిలిండరులో పడుతుంది. ప్లగ్గు మీది టోపీని టోపీ దగ్గరే పట్టుకుని లాగాలి, వైరు పట్టుకుని కాదు. ఆ పైన ప్లగ్గు పానా నిటారుగా దించి తిప్పాలి. పానా వంకరగా ఉంటే పింగాణీ చిట్లుతుంది. ఎటు తిప్పాలో గుర్తుండడానికి మేము పిల్లలకు చెప్పే మాట: "ఎడమకు వదులు, కుడికి బిగువు."

కొత్త ప్లగ్గు మీ బండి పుస్తకంలో రాసిన రకమే కావాలి. సందు ఎంత ఉండాలో కూడా ఆ పుస్తకంలోనే ఉంటుంది. చాలా బండ్లలో అది మిల్లీమీటరులో ఆరు నుంచి తొమ్మిది పదోవంతుల మధ్య ఉంటుంది. దాన్ని ఫీలర్ గేజితో కొలుస్తారు.

ఎక్కించేటప్పుడు ముందు వేళ్లతోనే తిప్పాలి. మర సరిగా కలిస్తే ప్లగ్గు తేలిగ్గా దిగుతుంది. మధ్యలో పట్టేస్తే వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టాలి, పానాతో బలవంతం చేయకూడదు. వేళ్లతో ఇక తిరగనప్పుడు పానా వేసి, వాషరున్న కొత్త ప్లగ్గయితే సాధారణంగా అర చుట్టు బిగిస్తే చాలు. ఖచ్చితమైన కొలత ప్లగ్గు పెట్టె మీద ఉంటుంది. బిగించడమంటే ఉన్న బలమంతా చూపడం కాదు, కావలసినంత వరకే తిప్పడం.

ప్లగ్గు ముఖం చదవడం

విప్పిన పాత ప్లగ్గును వెంటనే పారేయకండి. ఇంజను లోపలి సంగతి దాని కొన చెబుతుంది. లేత గోధుమ రంగో బూడిద రంగో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టు. పొడి మసి నల్లగా పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. గాలి ఫిల్టరు మూసుకుపోయిందేమో చూడాలి. నల్లగా, తడిగా, జిడ్డుగా ఉంటే ఇంజను ఆయిలు లోపలికి కారుతున్నట్టు. తెల్లబడి పొక్కులు లేచి ఉంటే ఇంజను మితిమీరి వేడెక్కుతున్నట్టు. చివరి రెండిటికీ కొత్త ప్లగ్గు మందు కాదు, మెకానిక్కుకు చూపించాలి.

తుప్పు ఎందుకు పడుతుంది?

ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. నమ్మబుద్ధి కాకపోతే మీ రసాయనశాస్త్రం టీచరుగారిని సమీకరణం రాసి చూపమని అడగండి. దూరం వెళ్లే బండిలో సైలెన్సరు బాగా వేడెక్కి ఆ ఆవిరి బయటికి పోతుంది. మిడిల్ పాయింట్ నుంచి అబర్దీన్ బజారుకు వెళ్లివచ్చే బండికి అంత వేడెక్కే వ్యవధి ఉండదు. ఆవిరి లోపలే చల్లబడి నీరవుతుంది. బయట ఉప్పుగాలి, లోపల నీరు: సైలెన్సరు రెండు వైపులా తుప్పు పడుతుంది.

ఇక్కడ మరో క్రియను చూడండి. తుప్పు 'పడుతుంది' అంటాం, దాని అసలు రూపం 'పట్టు'. తుప్పు పట్టింది, బూజు పట్టింది, పాచి పట్టింది, మసి పట్టింది, చెద పట్టింది. మనం చూడనప్పుడు వచ్చి వదలకుండా అంటుకునే వాటికి తెలుగు ఈ మాట వాడుతుంది. వదిలించడం మాత్రం మన పని.

సైలెన్సరు నట్లు తుప్పు పట్టి బిగుసుకుపోతే వాటి మీద తొందర పనికిరాదు. తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా నాననివ్వాలి. మర్నాడు కొంచెం విప్పి, కొంచెం బిగించి, మళ్లీ కొంచెం విప్పుతూ రావాలి. బలం ఒక్కసారిగా చూపితే స్టడ్డు విరిగి హెడ్డులోనే ఉండిపోతుంది. బెండు పైపు హెడ్డును కలిసేచోట గ్యాస్కెట్టు ఉంటుంది. విప్పిన ప్రతిసారీ అది కొత్తది వేయాలి. ఒకసారి నలిగినది మళ్లీ సరిగా కూర్చోదు. అన్నీ బిగించాక ఇంజను నడిపితే టకటకమని చప్పుడు వచ్చినా, అతుకు చుట్టూ మసి గీత కనిపించినా పొగ కారుతున్నట్టే.

మూసిన షెడ్డులో ఇంజను నడపకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. మనిషికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది. అలాగే సైలెన్సరును చప్పుడు కోసం మార్చకండి. కొత్త బండ్లలో పొగదారిలోనే కెటలిటిక్ కన్వర్టరు ఉంటుంది. దానిలోని ప్లాటినం, పెలాడియం, రోడియం వంటి లోహాలు విషవాయువులను తగ్గిస్తాయి. దాన్ని తీసేసి తిరగడం మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం నేరం.

స్పోర్ట్స్ కారు సంగతి

"మా బండి స్కూటరు కదా, స్పోర్ట్స్ కారుకు వేరే ఉంటుందేమో" అని మీరు అడగవచ్చు. పని అదే, చోటు ఇరుకు. పోర్షే 911 చూడండి. ఇంజను వెనక ఉంటుంది. ఆరు సిలిండర్లు మూడేసి చొప్పున అటూ ఇటూ పడుకుని ఉంటాయి. ప్లగ్గులు పక్కల్లో, కిందివైపుకు ఉంటాయి. చాలా మోడళ్లలో సైలెన్సర్లు వాటికి అడ్డంగా నిలుస్తాయి కనుక, ఇంట్లో ప్లగ్గులు మార్చేవాళ్లు ముందు సైలెన్సర్లే విప్పుతారు. ఆరు ప్లగ్గులనూ ఒకదాని తరువాత ఒకటి వరసగా పేర్చి, ఏది ఏ సిలిండరుదో గుర్తు పెట్టుకుంటారు. కారు కింద దూరాలంటే జాకీ ఒక్కటే చాలదు, గట్టి స్టాండ్లు పెట్టి తీరాలి.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగింది. ఆ కార్లకు ప్లగ్గూ లేదు, సైలెన్సరూ లేదు, అన్నీ విద్యుత్ కార్లు. రేపు మీ ఇంటి బండి కూడా అలాంటిదే కావచ్చు. అప్పుడు ప్లగ్గు అన్న పేరు మరుగున పడవచ్చు. చక్రం నట్లు మాత్రం అప్పుడూ విప్పాలి, బిగించాలి.

విరిగిందా, విరిచారా?

చివరిగా కొంచెం వ్యాకరణం. ప్లగ్గు అరిగింది, నట్టు ఊడింది, స్టడ్డు విరిగింది: ఇవి అకర్మక క్రియలు. అరగదీశాడు, ఊడదీశాడు, విరిచాడు: ఇవి సకర్మక క్రియలు. మొదటి వరసలో ఏం జరిగిందో తెలుస్తుంది. రెండో వరసలో ఎవరు చేశారో కూడా తెలుస్తుంది. పని పాడైనప్పుడు ఇంట్లో పెద్దలకు ఏ క్రియ వాడి చెబుతారన్నది వ్యాకరణంతో తేలే విషయం కాదు. అయితే రెండిటికీ తేడా తెలిసినవాడే నిజాన్ని సరిగ్గా చెప్పగలడు.

అభ్యాసం

1. తెరుచు, తీయు, విప్పు, ఊడదీయు: వీటిని తలుపు, మూత, ముడి, మేకు అన్న మాటలకు జతచేసి వాక్యాలు రాయండి.
2. 'పట్టు' క్రియతో వచ్చే మరో ఐదు మాటలు మీ ఇంట్లో అడిగి రాయండి.
3. కాలు, మండు, వంగు, తడియు: వీటి సకర్మక రూపాలు రాయండి.
4. ఊళ్లో తాతయ్యకో అమ్మమ్మకో ఫోను చేసి, సైకిలు పంక్చరు వేసే పనిని మొదటి నుంచి చివరి వరకు తెలుగులో చెప్పించుకోండి. మీకు కొత్తగా తోచిన క్రియలన్నీ పుస్తకంలో రాసుకుని తరగతికి తీసుకురండి.