బావియొద్ద రక్తము

పాఠ భాగము: రెండవ సమూయేలు 23:13–17. తోడుగా చదువవలసినది: ద్వితీయోపదేశకాండము 20:19, 20.



దావీదు అదుల్లాము గుహలో నున్నప్పుడు ఫిలిష్తీయుల దండు బేత్లెహేములో దిగియుండెను. తన ఊరి బావి నీళ్లు ఎవరైన తెచ్చిన బాగుండునని ఆయన ఆశపడగా, ముగ్గురు శూరులు శత్రువుల నడుమనుండి దూసికొనిపోయి ఆ నీళ్లు తెచ్చిరి. దావీదు వాటిని త్రాగక పారబోసెను. కుండలోనున్నది నీళ్లే గాని, ఆయన చూచినది ఆ ముగ్గురి ప్రాణములను. ఈ చూపు లేనిచోట ఏమి జరుగునో మన కాలములో జరిగిన యొక ముట్టడివలన నేర్చుకొందము.

1. కొండల నడుమ పట్టణము

బోస్నియా దేశపు ముఖ్యపట్టణమైన సారాయెవో కొండల నడుమ లోయలో నున్నది. 1984లో శీతకాల ఒలింపిక్ క్రీడలు అక్కడ జరిగినప్పుడు, వచ్చినవారి బసకొరకు విమానాశ్రయము ప్రక్కను దోబ్రిన్యా అను పేటను కట్టిరి. అవి అంతస్తుల యిండ్లు. తరువాత యుగోస్లావియా దేశము చీలిపోయెను. 1992 ఏప్రిలులో బోస్నియా సెర్బుల సైన్యము చుట్టునున్న కొండలపై ఫిరంగులు నిలిపి పట్టణమును ముట్టడించెను. ఆ ముట్టడి 1996 ఫిబ్రవరి వరకు, అనగా 1,425 దినములు సాగెను. దోబ్రిన్యా పేటకు మరి యెక్కువ ఇరుకు కలిగెను. తొలి నెలలలో అది మిగిలిన పట్టణమునుండి సహితము తెగిపోయి, ముట్టడిలో మరియొక ముట్టడిగా నుండెను.

2. ఇల్లే యుద్ధభూమి

పొలములో జరుగు యుద్ధమునుండి గృహస్థుడు పారిపోవచ్చును. వీధులలో జరుగు యుద్ధమునుండి ఎక్కడికి పోగలడు? అతని వంటయిల్లు, అతని మెట్లు, అతని వాకిలి అన్నియు తుపాకి గురిలోనే యున్నవి. దోబ్రిన్యావారు వీధి దాటు చోట్ల పాడైన వాహనములను అడ్డుపెట్టి వాటి చాటున నడిచిరి. ఇండ్ల నడుమనున్న ఖాళీ నేలలో కూరగాయలు వేసికొనిరి. బడికి పోవు దారి ప్రమాదమైనందున ఉపాధ్యాయులు ఇండ్ల మెట్లక్రిందనే పిల్లలకు పాఠములు చెప్పిరి.

విద్యుత్తు ఆగిపోగా నీటి యంత్రములును ఆగెను. మన ఊరిలో బావికి పోవుట అలసట కలిగించు పని. అక్కడ అది ప్రాణాపాయము. ముసలివారు, స్త్రీలు, పిల్లలు డబ్బాలు పట్టుకొని పై అంతస్తులనుండి దిగివచ్చి, వీధి పంపుయొద్ద గంటల తరబడి నిలిచిరి.

1993 జూన్ 1న ఆ పేటవారు బంతి ఆట పెట్టుకొనిరి. మూడు ప్రక్కల ఎత్తయిన యిండ్లున్నవి గనుక ఆ చోటు క్షేమమని తలంచిరి. రెండు గుండ్లు వచ్చి పడగా పదిమందికి పైగా చనిపోయిరి. జూలై 12న నీటి పంపుయొద్ద దాదాపు నూరుమంది వరుసగా నిలిచియుండగా ఒక గుండు పడెను. అక్కడను పదిమందికి పైగా మరణించిరి. దావీదు కుండలోని నీళ్లయందు ముగ్గురి రక్తమును చూచెను. ఇక్కడ ఆ రక్తము ఉపమానము కాదు. పంపుయొద్ద నిజముగా నేలమీద పారెను.

3. తీర్పు

ఆ పాపము విచారణ లేక పోలేదు. 1992 నుండి 1994 వరకు ఆ సైన్యపు విభాగమునకు అధిపతియైన స్తానిస్లావ్ గాలిచ్ అనువానిని అంతర్జాతీయ న్యాయస్థానము విచారించెను. సామాన్య ప్రజలకు భీతి పుట్టించుటకే దాడులు చేయించెనని నేరము స్థాపించి, 2003లో 20 సంవత్సరముల శిక్ష విధించెను. 2006లో పై తీర్పు దానిని యావజ్జీవ శిక్షగా పెంచెను. నీళ్లకొరకు నిలిచిన వరుస శత్రువుల దండు కాదని లోకపు న్యాయస్థానమే పలికెను.

4. మనము తలవంచుకొనవలసిన మాట

ఈ సంగతిని పరుల కథగా చదివి విడువరాదు. ఆ కొండలపై నున్నవారిలో అనేకులు క్రైస్తవ నామము ధరించినవారు. క్రిందనున్నవారిలో అనేకులు మహమ్మదీయులు. అయితే సెర్బులు, క్రొయేషియనులు సహితము తమ పొరుగువారితో ఆ పట్టణములోనే నిలిచి, అదే వరుసలో నీళ్లకు నిలిచిరి. గుండు ఎవరి మతమును అడుగలేదు. పట్టణములోపలను నిర్దోషులు లేకపోలేదు గాని దోషులును ఉండిరి: కొందరు ఆయుధధారులు సెర్బు పౌరులను పట్టి చంపి, కజాని అను గోతిలో పడవేసిరి. పక్షము చూచి కన్నీరు కార్చుట న్యాయము కాదు.

ముట్టడి వేయునప్పుడు ఫలవృక్షమును నరకకూడదని మోషే ధర్మశాస్త్రము చెప్పుచున్నది. ఏలయనగా మనుష్యులు దానివలన బ్రదుకుదురు. చెట్టును కాపాడిన ఆజ్ఞ బావిని ఎంతగా కాపాడును! బావియొద్ద నిలిచిన బిడ్డను ఇంకెంతగా కాపాడును!

2012 ఏప్రిల్ 6న సారాయెవో ముఖ్యవీధిలో 11,541 ఎఱ్ఱని కుర్చీలు వరుసగా వేసిరి. చనిపోయిన ఒక్కొక్కరికి ఒక్కొక్క ఖాళీ కుర్చీ. వాటిలో పిల్లలకొరకు వేసిన చిన్నకుర్చీలును ఉండెను. దారిన పోవువారు వాటిపై పువ్వులను, ఆటవస్తువులను ఉంచిరి. లెక్క వినిన చెవి త్వరలో మరచును. ఖాళీ కుర్చీని చూచిన కన్ను మరువదు. 2022లో మరియుపోలు పట్టణములోను ముట్టడిలో నీళ్లు ఆగిపోయినవి. ఇట్టి వార్త మరల వచ్చినప్పుడు ఎవరు గెలిచిరని అడుగుటకు ముందు, నీళ్లకు పోయినవారు ఇంటికి తిరిగి వచ్చిరా యని అడుగుదము. అదే దావీదు చూపు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. దావీదు ఆ నీళ్లను ఎందుకు త్రాగలేదు?
2. చెట్టును గూర్చిన ఆజ్ఞ యుద్ధము చేయువారికి ఏ మేర నియమించుచున్నది?
3. మన పక్షమువారు చేసిన అన్యాయమును చూచినప్పుడు మనము మౌనముగా నుంటిమా?