ఒక డచ్చి క్రియ: దాని యర్థము, అనువాదములు

పదమునకు పదము పెట్టుటయే అనువాదమని కొందఱు విద్యార్థులు తలంచుచున్నారు. అది చాలదని చూపుటకై మేమిచట డచ్చిభాషలోని యొక క్రియను వివరింపదలచితిమి. 17వ శతాబ్దమున మచిలీపట్టణమందు వర్తకము చేసిన వలందుల భాషయే యీ డచ్చి.

ఆ క్రియ "ఐస్‌బేరెన్". "ఐస్" అనగా మంచుగడ్డ. "బేర్" అనగా ఎలుగుబంటి. రెండును గలిసి "ఐస్‌బేర్" అయి, ఉత్తరధ్రువప్రాంతపు తెల్ల యెలుగుబంటికి పేరైనది. దాని బహువచనము "ఐస్‌బేరెన్". ఆ రూపమే క్రియయైనప్పుడు, మనసు నిలువక ఒకేచోట ముందుకును వెనుకకును నడచుట యని యర్థమిచ్చును.

ఎలుగుబంటికిని ఈ నడకకును సంబంధమేమి? బోనులోని తెల్ల యెలుగుబంటి గోడవఱకు నడచి, మరలి, మొదటిచోటికి వచ్చి, మరల బయలుదేఱును. మంచుసముద్రముపై వేలకొలది చదరపు మైళ్లు సంచరించు మృగమునకు బోనెట్లు చాలును? అడవిలో నెంత విశాలముగ తిరుగు మాంసాహారమృగమో, బంధనములో నంత యెక్కువగ నిట్లు నడచునని రాస్ క్లబ్, జార్జియా మేసన్ అను శాస్త్రజ్ఞులు 2003వ సంవత్సరమున "నేచర్" పత్రికయందు ప్రకటించిరి. కావున ఈ క్రియలో నొక మూగప్రాణి బాధ దాగియున్నది.

"హై ఐస్‌బేర్డె దోర్ దె కామెర్" అను డచ్చి వాక్యమును చూడుడు. "హై" అనగా అతడు. "కామెర్" అనగా గది. మాటకు మాట వేసినచో, అతడు గదిలో తెల్ల యెలుగుబంటి యయ్యెనని వచ్చును, వినువారు నవ్వుదురు. ఇతర భాషలవా రేమి చేయుదురు? ఆంగ్లేయులు అడుగు అను నర్థముగల "పేస్" శబ్దమునే క్రియగా వాడుదురు. ఫ్రెంచివారు "నూఱడుగులు వేయుట" యందురు. జర్మనులకు పులి పేరునుండి పుట్టిన "టీగర్న్" అను క్రియ కలదు. స్పెయినువారు "బోనులోని సింహమువలె" తిరిగెననుట కలదు. మృగము మాఱినను మనుష్యుని కలవరము మాఱలేదు.

మఱి తెనుగున? "పచార్లు చేయుట" యందు నడక యున్నది గాని యాందోళన లేదు. భోజనానంతరము హాయిగా తిరుగువాడును పచార్లు చేయుచున్నవాడే. "కాలుగాలిన పిల్లివలె తిరుగుట" యందు ఆందోళన యున్నది. కాని పిల్లి యిల్లంతయు తిరుగును, ఎలుగుబంటి ఒకే దారిని త్రొక్కును. కనుక సందర్భమే గురువు. ప్రసవవార్తకై వైద్యశాల వసారాలో కాచియున్న తండ్రి కాలుగాలిన పిల్లివలె తిరుగుచుండెనుట యొప్పును. పండితుడైనచో ఆలోచించుచు పచార్లు చేయుచుండెననవలెను. ఖైదీ యైనచో ఈ గోడనుండి యా గోడకు నడచుచుండెననుటయే మేలు. ఒక్క డచ్చి క్రియకు మూడు తెనుగులు, మూడును సరియైనవే.

విద్యార్థులారా! అనువాదమునకు కూర్చుండినప్పుడు నిఘంటువును తెఱువుడు. కాని యక్కడనే యాగకుడు. ఆ మాట పలికినవా డెవడు, ఎచట నున్నాడు, వాని మనస్సెట్లున్నది యని విచారింపుడు. పరుల మాటను సరిగా తెనిగింపగోరువాడు ముందుగా పరుల బాధ నెఱుగవలెను.