హోమ్ వీడియోల్లో మాటలు మ్యూజిక్‌లో మునిగిపోతున్నాయా? ఆడియో లెవెల్స్ ఇలా సెట్ చేయండి

అక్క ఎంగేజ్‌మెంట్ వీడియో నేనే ఎడిట్ చేశా. కలర్ కరెక్షన్‌కి రెండు రాత్రులు పెట్టా, ఆడియోకి రెండు నిమిషాలు కూడా పెట్టలేదు. టీవీలో ప్లే చేస్తే అక్షింతలు వేస్తూ నానమ్మ అన్న మాటలు ఒక్కటీ వినపడలేదు, అంతా వీణ మ్యూజిక్కే. ఒరిజినల్ క్లిప్స్ డిలీట్ చేయలేదు కాబట్టి మళ్లీ చేయగలిగా. ఇప్పుడు నానమ్మ లేదు. ఇంట్లో అందరూ ఎక్కువసార్లు చూసేది ఆ 20 సెకన్లే.

అప్పుడు నేర్చుకున్నవి ఇవి. కైన్‌మాస్టర్, ఇన్‌షాట్, డావిన్సీ రిజాల్వ్, ఏది వాడినా పద్ధతి ఒకటే.

ముందు కొంచెం లెక్క

డిజిటల్ ఆడియోలో పై హద్దు 0 డీబీ. అది దాటితే సౌండ్ పగులుతుంది, దీన్నే క్లిప్పింగ్ అంటారు. మాటలు, మ్యూజిక్ విడివిడిగా బాగానే ఉన్నా, రెండూ కలిసినప్పుడు హద్దు దాటొచ్చు. ఇంకో విషయం, 50 శాతం అంటే చెవికి సగం కాదు. యాంప్లిట్యూడ్ సగమైతే తగ్గేది సుమారు 6 డీబీనే. 10 శాతానికి తెస్తే 20 డీబీ తగ్గుతుంది. అందుకే స్లైడర్ సగానికి లాగినా మ్యూజిక్ ఇంకా గట్టిగానే అనిపిస్తుంది.

స్టెప్ 1: మ్యూజిక్ మ్యూట్ చేసి మొదలుపెట్టండి

ముందు క్లిప్స్ అన్నీ ఒకే లెవెల్‌కి తీసుకురండి. మాటల పీక్స్ మైనస్ 12 నుంచి మైనస్ 6 డీబీ మధ్య ఉంటే సేఫ్. మీటర్ లేని యాప్ అయితే ఫోన్ వాల్యూమ్ ముట్టుకోకుండా చెవితోనే పోల్చుకోండి. చిన్నగా వినిపించే క్లిప్‌ని పెంచితే ఫ్యాన్ సౌండ్, గాలి సౌండ్ కూడా పెరుగుతాయని మర్చిపోవద్దు.

స్టెప్ 2: మ్యూజిక్‌ని కింద నుంచి పైకి పెంచండి

సున్నా దగ్గర మొదలుపెట్టి, మ్యూజిక్ ఉందని తెలిసేంత వరకే పెంచండి. మాటల కంటే 15 నుంచి 20 డీబీ కింద ఉంటే సాధారణంగా సరిపోతుంది. మాటలున్న చోట పాట కాకుండా ఇన్‌స్ట్రుమెంటల్ వాడండి. సాహిత్యం ఉంటే చెవి అటు పోతుంది.

స్టెప్ 3: డకింగ్

ఎవరైనా మాట్లాడగానే మ్యూజిక్ తగ్గి, ఆపగానే మళ్లీ పెరగడమే డకింగ్. ప్రీమియర్ ప్రోలో ఎసెన్షియల్ సౌండ్ ప్యానెల్ దీన్ని ఆటోమేటిక్‌గా చేస్తుంది. మీ యాప్‌లో లేకపోతే కీఫ్రేమ్స్ పెట్టండి, లేదా మ్యూజిక్‌ని ముక్కలు చేసి మాటలున్న ముక్క వాల్యూమ్ తగ్గించండి. మార్పు ఒక్కసారిగా కాకుండా అర సెకను నుంచి సెకను పాటు ఫేడ్ ఇవ్వండి.

స్టెప్ 4: మూడు చోట్ల వినండి

ఇయర్‌ఫోన్స్, ఫోన్ స్పీకర్, టీవీ. ఫోన్ స్పీకర్‌లో బేస్ పెద్దగా రాదు కాబట్టి అక్కడ బాగున్న మ్యూజిక్ టీవీలో మాటల్ని మింగేయొచ్చు. ఆ వీడియో ఇంతకుముందు చూడని వాళ్లకి ఒకసారి వినిపించండి. మాటలు మనకి ముందే తెలుసు కాబట్టి, వినపడకపోయినా వినపడినట్టే ఉంటుంది.

చివరగా, ఎక్స్‌పోర్ట్ అయ్యాక ఒరిజినల్ క్లిప్స్ డిలీట్ చేయకండి. కలిసిపోయిన మ్యూజిక్‌ని మళ్లీ శుభ్రంగా విడదీయడం చాలా కష్టం. స్టోరేజ్ నిండితే పెన్‌డ్రైవ్‌లో పడేయండి, అంతే.