మంచం కింద గుడ్డల మూట

రాజమండ్రి,
ఆదివారం

చి. కుమారి శ్రావణికి మేనత్త ఆశీర్వదించి వ్రాయునది.

అమ్మలూ, నీ ఉత్తరం అందింది. తీరిగ్గా జవాబు రాద్దామనుకుంటూండగానే మీ నాన్న ఫోన్ చేశాడు. హైదరాబాద్ వచ్చి నీ గది చూసి వెళ్లాడట కదా. నువ్వు ఉద్యోగంలో చేరతానన్న మాట, బొమ్మలు మానేస్తానన్న మాట చెప్పి చాలాసేపు బాధపడ్డాడు. అన్నీ విన్నాను. కానీ మధ్యలో ఒక మాట అన్నాడు చూడు, "గదంతా టర్పెంటైన్ కంపు అక్కా, మంచం కింద నూనె గుడ్డలు మూటగట్టి పెట్టుకుంది" అని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఉద్యోగం సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ఇక్కడిదాకా చదివాక ఈ కాగితం పక్కన పెట్టి, లేచి వెళ్లి ఆ మూట విప్పు. ఒక్కొక్క గుడ్డా విడదీసి బాల్కనీలో తీగ మీద ఆరేసి రా. మిగతాది అప్పుడు చదువు.

ఆరేశావా? ఎందుకో చెబుతాను. అవిసె నూనె నీళ్లలా ఆవిరైపోయి ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. అలా గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. కాన్వాసు మీద పల్చగా పరుచుకున్న రంగులో ఆ వేడి ఎప్పటికప్పుడు గాలిలో కలిసిపోతుంది కాబట్టి మనకి తెలియదు. అదే నూనె పీల్చిన గుడ్డలు ఉండలు చుట్టి మూటగడితే లోపలి వేడికి బయటికి పోయే దారి ఉండదు. ఆ వేడికి నూనె ఇంకా త్వరగా గట్టిపడుతుంది, దాంతో ఇంకా వేడి పుడుతుంది. అగ్గిపుల్ల అక్కర్లేదు, నిప్పురవ్వ అక్కర్లేదు. కొన్ని గంటల్లో తనంతట తనే అంటుకుంటుంది. నువ్వు నిద్రపోయేది ఆ మంచం మీదే కదే తల్లీ!

నేను బొమ్మలు నేర్చుకున్న రోజుల్లో మాస్టారింటి వెనక వసారాలో పాత కిరసనాయిల్ డబ్బా ఒకటి ఉండేది. చేతులు తుడుచుకున్న గుడ్డలన్నీ అందులో కుక్కేవాళ్లం. ఎండాకాలం, సాయంత్రం పూట, అందరం ముందు గదిలో ఉన్నాం. మాస్టారి భార్య ఏదో మాడుతోందంటూ వంటింట్లోకి వెళ్లింది. చూస్తే పొయ్యి చల్లగా ఉంది. వాసన పట్టుకుని వసారాలోకి వస్తే డబ్బాలోంచి సన్నగా పొగ. ఆవిడ కేకలేమీ వెయ్యలేదు. బూజుకర్రతో డబ్బాని నెట్టి పెరట్లోకి దొర్లించింది. బోర్లాపడి గుడ్డలకి గాలి తగిలిందో లేదో భగ్గుమంది. పక్కనున్న అరటిచెట్టుకి ఆకులన్నీ కమిలిపోయాయి. ఆ వసారాకి ఉన్నది తాటాకు కప్పు. ఇంకాస్త ఆలస్యమైతే ఏమయ్యేదో నేను రాయక్కర్లేదు.

కాబట్టి విను. పని అయ్యాక గుడ్డలు విడివిడిగా, ఒకదానిమీద ఒకటి పడకుండా ఆరెయ్యి. అట్టల్లా బిరుసెక్కాకే పారెయ్యి. ఆరేసే చోటు లేకపోతే మూతున్న ఇనప డబ్బాలో నీళ్లు పోసి, అందులో ముంచి ఉంచు. ప్లాస్టిక్ సంచిలో వద్దు. నూనె తడి ఆరకముందు చెత్తబుట్టలో అసలే వద్దు, చెత్త తీసుకెళ్లే మనిషి బండిలో అంటుకుంటే ఆ పాపం మనది.

ఇప్పుడు నీ ఉత్తరం సంగతి.

ఉద్యోగంలో చేరడం బొమ్మలకి ద్రోహం చేసినట్టు రాశావు. అందులో ద్రోహమేముంది? నేను రిటైరయ్యేదాకా బళ్లో ఆడపిల్లలకి డ్రాయింగ్ చెప్పాను. ఆదివారాలూ సెలవులూ గోదారివి. నెల జీతం చేతికొస్తుంటే గోడకి నప్పే రంగులో బొమ్మ వేసిమ్మని అడిగేవాళ్లకి వేయనని చెప్పే ధైర్యం ఉండేది. ఎగ్జిబిషన్‌లో నీ బొమ్మ ఒక్కటీ అమ్ముడుపోలేదన్నావు. దానికే చెయ్యి ఆగిపోనక్కర్లేదు. ఆయిల్ కలర్స్ ఖరీదు నాకు తెలుసు. కాడ్మియం పసుపు ట్యూబు కొన్న నెలలో కూరల్లో పొదుపు చేసిన ఇల్లు మాది. చేరు. మంచి ఉద్యోగమైతే నిక్షేపంలా చేరు.

నాకు కష్టం కలిగించింది నీ ఉత్తరంలో ఇంకో మాట. ఎండలో స్టాండు మోసుకెళ్లి వేయడం నావల్ల కాదు, ఫోన్‌లో ఫొటో తీసుకొచ్చి గదిలో వేస్తే ఎవరికి తెలుస్తుంది అన్నావు. ఎవరికో తెలియడం గురించి కాదు నా బెంగ. ఫొటోలో నీడ నల్లగా ఉంటుంది, లేదా ఆకాశం తెల్లగా పాలిపోతుంది. రావిచెట్టు కింద నిలబడి నీ కంటితో ఆ నీడలోకి చూడు. అందులో నీలం ఉంటుంది, నేల మీంచి ఎగదన్నిన ఎరుపు ఉంటుంది, కొమ్మల సందుల్లోంచి జారిన పసుపు ఉంటుంది. అవన్నీ ఫోన్ నీకివ్వదు, నువ్వు ఊహించి వెయ్యాలి. ఊహించి వేసేవాళ్లు చివరికి ఒకే నీడని అన్ని బొమ్మల్లోనూ వేస్తారు. కాన్‌స్టబుల్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు 1821, 22 సంవత్సరాల్లో లండన్ పక్క హాంప్‌స్టెడ్‌లో ఆరుబయట నిలబడి ఆకాశాలు వేసేవాడు. చాలావాటిలో చెట్టూ లేదు, ఇల్లూ లేదు, వట్టి మబ్బులు. వెనకాల తేదీ, వేళ, గాలి ఎటు వీస్తోందో రాసుకునేవాడు. నువ్వూ అలా రాసుకో. వెలుగు గంటన్నర, రెండు గంటలకి మించి ఒక్కతీరుగా ఉండదు. ఏడింటికి మొదలుపెడితే తొమ్మిదింటికి మూసెయ్యి. మర్నాడు అదే వేళకి, అదే చోటికి వెళ్లు.

పచ్చ కుదరడం లేదన్నావు. ఎవరికీ సులువుగా కుదరదమ్మా. కోనసీమలో బొమ్మ వేయడానికి కూర్చున్న ప్రతివాళ్లూ ఏడ్చే చోటు అదే. ట్యూబులోంచి శాప్ గ్రీన్ పిండి పూస్తే చేను కాస్తా ప్లాస్టిక్ చాప అయి కూర్చుంటుంది. ఒక్కొక్క పచ్చనీ చూడు. నారుమడిలో నిమ్మపసుపు ఎక్కువ. కొత్తగా ఊడ్చిన చేలో పచ్చ దాదాపు ఉండదు, నీళ్లలో ఆకాశం, దాని మీద సన్నటి గీతలు, అంతే. పొట్టకొచ్చిన చేను నీలం వైపుకి తిరుగుతుంది. కొబ్బరాకు మీద ఎండ పడితే పచ్చగా ఉండదు, బూడిద కలిసిన తెలుపులో మెరుస్తుంది. అదే ఎండ ఆకు వెనకనుంచి వస్తే పసుప్పచ్చగా వెలుగుతుంది. ఇన్నిటినీ ఒక ట్యూబు ఎలా ఇస్తుంది? అల్ట్రామెరీన్‌లో ఎల్లో ఓకర్ కలిపి చూడు. నలుపులో పసుపు కలిపి చూడు, ముదురు మావిడాకు రంగు వస్తుంది. మరీ అరుస్తున్న పచ్చలో బర్న్ట్ సియెన్నా చిటికెడు వేస్తే సద్దుకుంటుంది. అన్నిటికంటే ముందు, కాన్వాసంతా కావిరంగు టర్పెంటైన్‌లో పల్చగా కలిపి పూసి ఆరనివ్వు. పైన వేసిన పచ్చల సందుల్లోంచి ఆ ఎరుపు అక్కడక్కడా తొంగిచూస్తుంటే చేను ఊపిరి పోసుకుంటుంది. ఇంకోటి, కాన్వాసు మీద ఎండ పడనివ్వకు. ఎండలో రంగు లేతగా కనబడి నువ్వు ముదురుగా కలుపుతావు, ఇంటికొచ్చి చూసుకుంటే బొమ్మంతా చీకటిగా ఉంటుంది. గొడుగు నల్లదైనా తెల్లదైనా ఫర్వాలేదు, ఎర్రదీ నీలందీ వద్దు.

ఆ గుడ్డలకి క్లిప్పులు పెట్టావా? గాలికి ఎగిరి ఓ మూల కుప్పపడితే మళ్లీ మొదటికే వస్తుంది.

తడి రంగుకి పురుగులు అంటుకుంటున్నాయని, ఆ బొమ్మ పనికిరాదని రాశావు. వాన్ గో 1889లో వేసిన ఆలివ్ చెట్ల బొమ్మ ఒకటి అమెరికాలో కాన్సస్ సిటీ మ్యూజియంలో ఉంది. 2017లో అక్కడివాళ్లు దాన్ని భూతద్దంతో పరీక్షిస్తుంటే రంగులో ఇరుక్కున్న మిడత ముక్క దొరికింది. నూట పాతికేళ్లకి పైగా ఎవరి కంటా పడకుండా అలాగే ఉంది. నీ దోమల్ని రంగు ఆరాక బ్రష్షుతో దులిపెయ్యి.

మీ నాన్న ఎప్పుడైనా చెప్పాడా, గోదారి లంకల్లో బొమ్మలు వేసుకునేటప్పుడు నాకు కాపలా ఎవరో? వాడే. మీ తాతయ్య ఒంటరిగా పంపేవారు కాదు. వాడు ట్రాన్సిస్టర్ చెవి దగ్గర పెట్టుకుని ఇసుకలో కూర్చునేవాడు, క్రికెట్ స్కోరు పైకి చెబుతూ. ఒకసారి ధవళేశ్వరం అవతల కాలవగట్టు మీద స్టాండు వేసుకుని ఓ కన్ను మూసి బ్రష్షుతో దూరాలు కొలుస్తున్నాను. పొలంలోంచి ఒకావిడ పరుగున వచ్చింది. "అమ్మా, మా చేను కూడా పోతుందా?" అని నా చెయ్యి పట్టుకుంది. కాలవ వెడల్పు చేయడానికి సర్వేవాళ్లు వచ్చారనుకుంది పాపం. బొమ్మ చూపించి, మేం ఎవరమో చెప్పి, మీ నాన్న చేత కూడా చెప్పించాక గానీ ఆవిడ చేతుల వణుకు తగ్గలేదు. అప్పటినుంచి ఎవరి పొలం ముందు కూర్చున్నా మొదట ఆ ఇంటికి వెళ్లి, చెప్పి, మంచినీళ్లు తాగి వచ్చి కూర్చునేదాన్ని. నువ్వూ అలాగే చెయ్యి. ఆడపిల్లవి, ఊళ్లో నలుగురికి నువ్వెవరో తెలిసి ఉండడం నీకూ క్షేమం.

అలా చెప్పి కూర్చున్న ఒక లంకలోనే నా మొదటి బొమ్మ అమ్ముడుపోయింది. రైతు వెనకాల నిలబడి చాలాసేపు చూసి, అంతా బాగుంది గానీ మా ఎడ్లు లేవేంటమ్మా అన్నాడు. మర్నాడు వాటిని కడిగి, కొమ్ములకి నూనె రాసి తోలుకొచ్చాడు. చేను చివర రెండు తెల్లటి మచ్చలుగా వేశాను, గోరంత కూడా లేవు. ఆ రెండు మచ్చలు పడగానే చేను ఎంత పొడుగుందో, గోదారి ఎంత దూరంలో ఉందో అంతా తేలిపోయింది. నా చేతిలో కొంత డబ్బు, మీ నాన్న భుజాన కర్పూర అరటిగెల పెట్టి పంపాడు. ఎగ్జిబిషన్‌లో కొన్నవాళ్లు నాకు గుర్తులేరు. ఆ బొమ్మ ముందు తన ఎడ్లని పేరుపెట్టి పిలిచిన ఆ మనిషి మొహం ఇప్పటికీ కళ్లముందుంది. ఈ పనిలో సంతోషం ఎక్కడుందని రాశావే, నా మటుకు నాకు అక్కడుంది.

నువ్వున్న చోట గోదారి లేదని దిగులుపడకు. హైదరాబాద్ బండరాళ్లని సరిగ్గా చూశావా? 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైట్ అది. తెల్లారగట్ల గులాబీ రంగు, మధ్యాహ్నం బూడిదరంగు, వాన పడ్డాక ఊదా. పేల్చేసి అపార్ట్‌మెంట్లు కడుతున్నారు, వచ్చే ఏడాది అదే చోటికి వెళ్తే నీ రాయి ఉండకపోవచ్చు. వాటిని వేసేవాళ్లు కావాలి.

మబ్బు కమ్మితే మాత్రం బొమ్మ సగంలో ఉన్నా సర్దుకుని వచ్చెయ్యి. సెజాన్ అంతటి చిత్రకారుడు 1906 అక్టోబరులో బయట బొమ్మ వేస్తూ గాలివానలో చిక్కుకుని పడిపోయాడు. కొద్దిరోజులకే పోయాడు. జబ్బు కూడా వయసు చూడదు. మన చిత్రకారుడు దామెర్ల రామారావు గారు 1925లో మశూచితో పోయేనాటికి ఆయనకి 28 ఏళ్లు కూడా నిండలేదు. చిన్నప్పుడు నిన్ను ఆయన గ్యాలరీకి తీసుకెళ్తే ఓ బొమ్మ ముందునుంచి కదలనని మొండికేశావు, ఎత్తుకుని తేవాల్సి వచ్చింది. ఆయన ఇంకో ముప్ఫై ఏళ్లు బతికుంటే మన గోదారికి ఎన్ని బొమ్మలు ఉండేవో అని ఆ మెట్లు దిగిన ప్రతిసారీ అనుకుంటాను. నీకు 24 ఏళ్లు. ఒంట్లో బాగుండాలి, వేళకి తినాలి. రంగు చేతులతో మిరపకాయ బజ్జీలు తింటున్నావట, అది కూడా చెప్పాడు మీ నాన్న. కాడ్మియం విషం, సబ్బుతో కడుక్కున్నాకే తిను.

గోదారికి ఎర్రనీరు వచ్చింది. పుష్కరాల రేవులో కిందిమెట్లు మునిగాయి. ఇంకో రెండు మూడు వారాలు ఈ రంగుంటుంది, ఉద్యోగంలో చేరేలోగా ఒకసారి వచ్చి వెయ్యి. గౌతమి రైలుకి టిక్కెట్టు తీసుకో, మీ నాన్న స్టేషనుకి వస్తాడు. కాన్వాసులు మొయ్యకు, ఇక్కడ చట్రాలున్నాయి, గుడ్డ బిగించి ఉంచుతాను. టైటానియం వైట్ పెద్ద ట్యూబు ఒకటి మాత్రం పట్రా, మన ఊళ్లో దొరకడం లేదు. మీ అమ్మని అడిగినట్టు చెప్పు.

నీ
మేనత్త