పుచ్చ తోట - చీడపీడల నివారణము

కృష్ణా తుంగభద్రల నడుమనున్న మన రాయచూరు సీమలో వేసవి మిక్కిలి కఠినమైనది. అయినను ఆ యెండయే పుచ్చ, ఖర్బూజా పంటలకు తీపి నిచ్చును. పుష్య మాఘములలో విత్తినచో సుమారు మూడు నెలలలో కాయ చేతికి వచ్చును. స్వల్పకాలపు పంట యగుటచే ఒక్క వారము ఏమరినను నష్టమును పూడ్చుకొనుటకు వ్యవధి యుండదు. కావున తోట పెట్టు తల్లిదండ్రులు గమనింపవలసిన విషయములను ఇచ్చట వివరించుచున్నాను.

నేల: నీరు నిలువని యిసుకపాలు గల నేల శ్రేష్ఠము. ఎండుతెగులు కలిగించు శిలీంధ్రము మట్టిలో ననేక వత్సరములు జీవించి యుండును. అందుచే పుచ్చ పండిన చేనిలో మరుసటి యేడు తీగజాతి పైరులను వేయక, జొన్న వంటి పైరుతో మార్పిడి చేయవలెను.

చీడలు: మొలకలు రెండాకులతో నున్నప్పుడు ఎఱ్ఱని పెంకుపురుగులు ఆకులను తూట్లు చేయును. ఉదయపు చల్లదనములో నవి మందముగా నుండును. అప్పుడే యేరి, కిరసనాయిలు కలిపిన నీటిలో వేయవలెను.

పండు ఈగ లేత కాయ తొక్క క్రింద గ్రుడ్లు పెట్టును. పురుగులు గుజ్జును తిని, మట్టిలోనికి దిగి, కొన్నాళ్లకు ఈగలై లేచును. కుళ్లిన కాయను గట్టున పారవేయుట ఈగలను పెంచుటయే యగును. అట్టి కాయలను రెండడుగుల లోతున పాతిపెట్టవలెను. క్యూలూర్ ఎర పెట్టిన బుట్టలు మగ ఈగలను ఆకర్షించి పట్టును.

తెగుళ్లు: తామరపురుగులు మొవ్వకుళ్లు తెగులును వ్యాపింపజేయును. తీగ కొనలు నిక్కి, పిదప ఎండిపోవును. దీనికి మందు లేదు. తెగులు సోకిన మొక్కను వెంటనే పెరికివేయవలెను. విత్తుటకు ముందే చేను చుట్టును రెండు మూడు వరుసలు జొన్న గాని మొక్కజొన్న గాని వేసినచో పురుగుల రాక కొంత తగ్గును. హెసరఘట్ట ఉద్యాన పరిశోధనా సంస్థ వెలువరించిన అర్కా మాణిక్ రకము బూడిద, బూజు తెగుళ్లను కొంతవరకు తట్టుకొనును.

మందులు: పై యుపాయములు చాలనప్పుడే మందును ఆశ్రయింపవలెను. తీగజాతి పైరులపై గంధకము చల్లరాదు, ఆకులు మాడును. పుచ్చలో ఆడపూవు, మగపూవు వేఱు. తేనెటీగ వాలనిదే పిందె నిలువదు. కావున పూత కాలమున ఉదయము మందు చల్లక, సాయంకాలము చల్లవలెను. మందు చల్లినది మొదలు కోతవఱకు ఆగవలసిన దినములను తప్పక పాటింపవలెను.

తల్లిదండ్రులకు మఱియొక మనవి. మందుసీసాపై నలుపలకల గుర్తు కలదు. అందు ఎఱుపు అతితీవ్ర విషమునకును, పసుపు తీవ్ర విషమునకును, నీలము మధ్యమ విషమునకును, ఆకుపచ్చ స్వల్ప విషమునకును చిహ్నములు. సీసాతో వచ్చు కాగితము కన్నడమున నున్నను, బడిలో కన్నడము నేర్చిన మీ బిడ్డ చదివి, తెలుగున చెప్పగలడు. వానిచే చదివింపుడు. మందు కలుపుటకు గాని చల్లుటకు గాని వానిని పంపకుడు. బిడ్డ చదువు తోటకు కావలి కావలెనే గాని, తోట మందు బిడ్డకు విషము కారాదు.